ప్రశ్నార్థకంతో సహా

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎర్ర అట్ట, పై మూల నలిగిపోయింది. పాత పేపర్లవాడికి వేసేద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, వెయ్యలేదు. దాని మూడో పేజీలో ఒక జాబితా ఉంది. అందులో కొన్ని ఉన్నవున్నట్టు ఇక్కడ రాస్తాను. మీసాలు. రెండు జడలు, మౌనం. హైదరాబాద్ చొక్కా. ఫోను పిల్ల. బురఖా, చురుకు. రెడ్డి (?). హాస్టల్. హాస్టల్-2. ముందు బెంచీ ముసలాడు.

ఇవి డిగ్రీ చదివే ఇరవై ఎనిమిది మంది పిల్లల్లో కొందరి పేర్లు. అమ్మానాన్నలు పెట్టినవి వేరే ఉన్నాయి లెండి. ఇవి ప్రొద్దుటూరులో రెండు రోజుల వర్క్‌షాపు మొదలైన అరగంటలోపు నేను పెట్టినవి. మనిషిని చూసీ చూడగానే ముద్ర వేసెయ్యకూడదు, ఎవరికి వారు తామెవరో చెప్పుకోవాలి అన్నది ఆ వర్క్‌షాపు విషయం. దాన్ని నడిపించడానికి వెళ్ళినవాణ్ణి నేనే.

సాకు చెప్పమంటే ఒకటుంది. పత్రిక డెస్కు మీద ఇరవై రెండేళ్ళు హెడ్డింగులు పెట్టినవాణ్ణి. ఎంత పెద్ద గొడవైనా నాలుగు మాటల్లోకి కుదించకపోతే పేజీ కదలదు. ఆ చెయ్యి ఊరుకోదు. పెళ్ళికి వెళ్ళినా వియ్యంకుడికి ఒక హెడ్డింగు పెట్టుకుని గానీ భోజనానికి కూర్చోను. ఉద్యోగం మానేశాక రిసోర్స్ పర్సన్‌నయ్యాను. ఆ ఉద్యోగమేమిటో మా ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టదు. "ఏం చేస్తారక్కడ?" అంటుంది. "పిల్లల చేత మాట్లాడిస్తాను" అంటాను. "దానికి డబ్బులిస్తారా?" అంటుంది. రోజుకి ఐదు వేలు ఇచ్చారు.

విజయవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ప్రొద్దుటూరు. పెన్న ఒడ్డు ఊరు, వీధుల కొద్దీ బంగారం అంగళ్ళు, పసిడిపురి అని పేరు. పుట్టపర్తి నారాయణాచార్యుల వారి 'శివతాండవం' పుట్టింది ఆ ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడిలోనే. ఆ మాటతో మొదలుపెడితే పిల్లలు సంతోషిస్తారని చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను కూడా. తీరా మైకు చేతికొచ్చాక నోట్లోంచి ఊడిపడింది వేరు. "సీమకి వెళ్తున్నానంటే మా ఆవిడ ఇన్సూరెన్సు ప్రీమియం కట్టారా అని అడిగింది" అన్నాను.

ఆవిడ అడగలేదు. దుప్పటి పెట్టుకున్నారా అని అడిగింది, అంతే.

పిల్లలు నవ్వారు. పెద్ద మామయ్య ఏటా సంక్రాంతికి చెప్పే జోకుకి ఇంటిల్లిపాదీ నవ్వుతారే, ఆ నవ్వు. నాకది చాలు అనిపించింది. సభ చేతిలోకి వచ్చిందనుకుని లాప్‌టాప్ తెరిచి సినిమా ముక్కలు చూపించాను. సమరసింహారెడ్డి, ఆది, ఇంద్ర. సుమోలు లేస్తున్నాయి, కత్తులు దిగుతున్నాయి. మిమ్మల్ని ఎలా చూపించారో చూశారా, ఎంత అన్యాయం అన్నాను. అంటూనే 'సమరసింహారెడ్డి' ముక్కని కాస్త ఎక్కువసేపే ఆడనిచ్చాను. నాకు ఆ సినిమా ఇష్టం.

మీసాలు లేచాడు. "సార్, ఇవన్నీ మేం పుట్టకముందటి సినిమాలు" అన్నాడు.

నిజమే. 1999, 2002. వాళ్ళకి పంతొమ్మిదేళ్ళు. నేను తడబడి, "సినిమా పాతదే నాయనా, ముద్ర పాతబడలేదు కదా? హైదరాబాద్ వెళ్తే మిమ్మల్ని ఎలా చూస్తారు?" అన్నాను. అతను వేసవిలో హైదరాబాద్‌లో ఏదో కోర్సుకని రెండు నెలలు హాస్టల్లో ఉండి వచ్చాడట. "మాది ప్రొద్దుటూరు అని చెప్తే చాలు సార్, నా బకెట్టు ఎవ్వరూ ముట్టుకోరు" అన్నాడు.

గది గొల్లుమంది. ఈసారి అసలైన నవ్వు.

"కానీ లోపలెక్కడో బాధ అనిపించదా?" అన్నాను.

"బకెట్టు పోతే బాధగానీ..."

"లేదు, ఆలోచించు. నిన్ను నిన్నుగా చూడకుండా..."

బాధ నాకు అవసరం. మధ్యాహ్నం సెషన్ పేరే 'గాయం నుంచి గౌరవానికి'. గాయం దొరక్కపోతే గౌరవం దాకా ఎలా తీసుకెళ్తాను? మూడుసార్లు అడిగాను. మూడోసారి పాపం అతను నా మొహం చూసి, "కొంచెం అనిపిస్తాది సార్" అన్నాడు. నేను తృప్తిగా బోర్డు మీద 'గాయం' అని రాశాను. అప్పుడే 'బురఖా, చురుకు' అని నేను రాసుకున్న అమ్మాయి చెయ్యెత్తింది. "వానికి బకెట్టన్నా మిగిల్తాది సార్. మాకు ఆ లాభం గూడా లేదు" అంది.

అక్కడ ఆగాలి. ఆ రెండు రోజుల్లో ఆ హాల్లో ఎవరైనా అడక్కుండా తమ గురించి చెప్పిన మొదటి మాట అది. ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది, చెప్పడానికి ఇంకా ఏదో ఉంది. నేను గడియారం చూశాను. పదకొండయింది. "చాలా మంచి పాయింట్ అమ్మా, మళ్ళీ వద్దాం" అని స్లైడు మార్చాను. మళ్ళీ రాలేదు.

స్లైడు మీద నా పాండిత్యం ఉంది మరి. స్టీరియోటైప్ అనేది అసలు అచ్చు యంత్రాల వాళ్ళ మాట. కూర్చిన టైపు పేజీ మీద అట్ట అదిమి, ఆ అట్టలో దిగిన ముద్రలోకి సీసం పోస్తే పేజీ పేజీ అంతా ఒకే రేకుగా వస్తుంది. ఆ రేకుతో ఎన్ని కాపీలైనా ఒకేలా కొట్టొచ్చు. వాల్టర్ లిప్‌మన్ అనే అమెరికన్ పత్రికా రచయిత 1922లో రాసిన పుస్తకంతో ఆ మాట మనుషుల మీదికి వచ్చింది. ఇంతవరకూ బాగానే చెప్పాను. "దీన్నే మనం తెలుగులో మూస అంటాం. మూసలో పోసినట్టు అందరికీ ఒకే ఆకారం ఇచ్చెయ్యడం" అన్నాను.

రెండు జడలు లేచి నిలబడింది. పొద్దుట్నుంచీ నోరు విప్పని పిల్ల.

"మూసలో ఆకారం రాదు సార్."

"అంటే?"

"మూస అంటే మట్టిగిన్నె సార్. బంగారు దాంట్లో కరుగుతాది. గాజో, ఉంగరమో, ఎవురిదో గూడా తెలీకుండా పోతాది. ఆకారం ఇచ్చేది అచ్చు. మా నాయన కంసలి."

ఇంతకంటే మంచి బహుమానం ఏ రిసోర్స్ పర్సన్‌కీ దొరకదు. ఉన్న ఆకారమంతా పోగొట్టుకునే చోటుకీ కొత్త ఆకారం అంటగట్టే చోటుకీ మధ్య ఉన్న తేడా ఒక పిల్ల చేతిలో పెట్టింది. ఆ రెండు రోజులూ దాని మీదే కూర్చుని మాట్లాడుకోవచ్చు. నేనేం చేశానంటే, వాదించాను. మూస కథలు, మూస సినిమాలు అని భాషలో స్థిరపడిపోయిందమ్మా, ఈ హెడ్డింగు నేనే వందసార్లు పెట్టాను అన్నాను. "పెట్టింటారు సార్" అంది. ఆ మాటకి నాకు రోషం వచ్చింది. ఫోన్లో నిఘంటువు తెరిచాను. లోహాలు కరిగించే పాత్ర అని ఉంది. ఫోను జేబులో పెట్టుకుని, "రెండూ సరైనవే" అన్నాను.

"మా నాయనకు పని లేకుండా చేసింది అచ్చు సార్. మూస కాదు" అని కూర్చుంది.

కోయంబత్తూరు నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో మిషన్ల మీద తయారై వచ్చే నగల సంగతి అది. సాయంత్రానికి అర్థమైంది. అప్పుడు మాత్రం నోటు పుస్తకం తీసి, రెండు జడల పక్కన 'మౌనం' కొట్టేసి 'మొండి' అని రాశాను.

భోజనాల దగ్గర అక్కడి లెక్చరర్ ఒకాయన పక్కన కూర్చున్నారు. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, మెత్తగా మాట్లాడతారు. "పిల్లలకు రాయలసీమ అన్న పేరెట్ల వచ్చిందో చెప్తారు కదా సార్?" అన్నారు. చెప్తానన్నట్టు తలూపాను. చెయ్యి కడుక్కునే నెపంతో వెళ్ళి ఫోన్లో వెతుక్కున్నాను. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కుంపెనీకి రాసిచ్చేశాడు కాబట్టి దత్త మండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన జాగా అని చాటే పేరు. అది వద్దని 1928లో నంద్యాల సభలో వీళ్ళు రాయలసీమ అని పెట్టుకున్నారు. నాయనలారా, తమ పేరు తాము పెట్టుకున్న ప్రాంతానికి వచ్చి నేను ఐడెంటిటీ గురించి పాఠం చెబుతున్నాను! ఆ కంగారులో నోటు పుస్తకం బల్ల మీదే వదిలేశానన్న సంగతి తట్టలేదు.

తిరిగి హాల్లోకి వెళ్ళేసరికి అందరూ బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఇరవై ఎనిమిది నుదుళ్ళ మీద ఇరవై ఎనిమిది పసుపు చీటీలు.

ఆ చీటీలు నేను తెచ్చినవే. మధ్యాహ్నం ఆట కోసం. ఒకరి నుదుటి మీద మరొకరు 'నాయకుడు', 'దొంగ' అని అంటించుకుని మాట్లాడుకోవాలన్నమాట. వాటి మీద ఇప్పుడు నా జాబితా ఉంది. ఎవరిది వాళ్ళు చక్కగా ఎత్తి రాసుకున్నారు. మీసాలు, మీసం మెలేసి మరీ కూర్చున్నాడు. ఫోను పిల్ల చేతిలో ఫోను లేదు. రెండు జడల నుదుటి మీద 'మౌనం' అని రాసి, దాని మీద అడ్డగీత కొట్టి, కింద 'మొండి' అని ఉంది. గీత కూడా నేను కొట్టినట్టే కాస్త వంకరగా కొట్టింది. ముందు బెంచీ ముసలాడికి ఇరవై ఏళ్ళుంటాయి, చిన్నతనంలోనే తల నెరిసింది, అంతే. అతను చీటీని వంగి ఆ తెల్ల వెంట్రుకల మీదే అంటించుకున్నాడు. 'రెడ్డి (?)' ప్రశ్నార్థకంతో సహా దిద్దినట్టు రాసుకున్నాడు. నన్ను చూడగానే లేచి, "సార్, ప్రశ్నకు జవాబు కావల్నా?" అని మర్యాదగా అడిగాడు.

"వద్దు వద్దు" అన్నాను.

అందరూ నవ్వుతున్నారు. 'హాస్టల్', 'హాస్టల్-2' నవ్వడం లేదు. వాళ్ళ చీటీలు మిగతావాటికంటే గట్టిగా అదిమి అంటించి ఉన్నాయి. వాళ్ళు సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఎలా అనుకున్నానో ఇప్పుడు తవ్వి చూసుకుంటే, ఇద్దరూ ఆఖరి బెంచీ, ఇద్దరివీ ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలు, పొద్దున టిఫిన్ పెట్టినప్పుడు రెండోసారి వడ్డించుకున్నారు. అవీ ఆధారాలు.

అప్పుడైనా నోరు మూసుకుని కూర్చుంటే సరిపోను. నేను చప్పట్లు కొట్టాను. "శభాష్! నేను కోరుకున్నది ఇదే! ఎవరు గమనిస్తారో చూద్దామని పుస్తకం కావాలనే వదిలి వెళ్ళాను" అన్నాను. ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక మాత్రం దాన్ని పదిహేను నిమిషాలు సాగదీశాను.

"అట్లనా సార్" అన్నాడు ముందు బెంచీ ముసలాడు. కడప యాసలో ఆ 'అట్లనా' వినాలి మీరు. అందులో మర్యాద ఎంతో అపనమ్మకమూ అంతే.

మరి నాకూ ఒక చీటీ రాయండర్రా అన్నాను, పెద్దమనసు చూపించడానికి. వెంటనే రాసి తెచ్చారు. 'కోస్తా. ఆయ్.' నాకు చర్రుమంది. "ఆయ్ అనేది గోదావరి జిల్లాల వాళ్ళు. మాది కృష్ణా. మేం అనం" అన్నాను. "మాకు రెండూ ఒకటే సార్" అన్నారు. రెండూ ఒకటి ఎలా అవుతాయో ఐదు నిమిషాలు వివరించాను. బోర్డు మీద ఏలూరు గుర్తు పెట్టి గీత గీసి మరీ వివరించాను. ఇన్సూరెన్సు జోకుకి వాళ్ళు నవ్వి ఊరుకున్నారన్న సంగతి గీత గీసేటప్పుడు గుర్తు రాలేదు.

రెండో రోజు పొద్దున చేసింది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. అక్కడికి రావడం ఇష్టం లేకే ఇంతసేపు తిప్పాను.

అడుగుల ఆట అని ఒకటుంది. అందరూ ఒక వరసలో నిలబడతారు. ఒక్కో వాక్యం చదువుతుంటే అది తమకి వర్తించినవాళ్ళు ముందుకో వెనక్కో ఒకడుగు వెయ్యాలి. తెల్లవాళ్ళకి తెలియకుండానే అందే సౌకర్యాల గురించి పెగ్గీ మెకింటాష్ 1980లలో రాసిన వ్యాసం ఆధారంగా పుట్టిందని చెబుతారు. అమెరికాలో ఒంటి రంగు ఎటూ కనబడుతూనే ఉంటుంది. మన దగ్గర కనబడనిది ఒకటుంది, దాన్ని కనబడకుండా కాపాడుకోవడానికి కొందరు పిల్లలు కాలేజీలో మూడేళ్ళూ ఎంత జాగ్రత్తగా మసలుతారో నాకు తెలియనిది కాదు. తెలిసే, ఇంగ్లీషు మాన్యువల్‌లోని వాక్యాలు తెలుగు చేసుకుని, ఎర్ర పుస్తకంలో వరసగా రాసుకుని వెళ్ళాను. పైగా రంగు అన్న చోట కులం అని మార్చుకుని, స్థానిక పరిస్థితులకి అనుగుణంగా మలిచానని మురిసిపోయాను.

బెంచీలు గోడవారకి జరిపించాను. హాలు చిన్నది. వరస మధ్యలో నిలబెట్టాను.

"చదువుకోవడానికి ఇంట్లో విడిగా బల్ల ఉన్నవాళ్ళు ఒకడుగు ముందుకి." ఆరేడుగురు జరిగారు. "ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు రాక ఎప్పుడైనా కాలేజీలో మాటపడ్డవాళ్ళు ఒకడుగు వెనక్కి." సగానికి సగం జరిగారు, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు కూడా, అది అందరి బాధే. "సెలవుల్లో కూలికి వెళ్ళినవాళ్ళు ఒకడుగు వెనక్కి." "ఎవరింట్లోనైనా మీకు విడిగా గ్లాసు పెట్టి ఉంటే ఒకడుగు వెనక్కి." నవ్వులు ఆగిపోయాయి. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. ఇద్దరు జరిగారు. ఒకమ్మాయి జరగబోయి పాదం మళ్ళీ యథాస్థానంలో పెట్టేసింది. అది నేను చూశాను. చూసి, తరవాతి వాక్యం చదివాను. "కులం చెప్పడానికి ఎప్పుడైనా తటపటాయించినవాళ్ళు ఒకడుగు వెనక్కి."

'హాస్టల్-2' గోడ దగ్గర ఉన్నాడు. మడమలు గోడకి ఆనాయి. తల పక్కన క్యాలెండరు మేకు.

"ఇంగ యెనక్కి జాగా లేదు సార్" అన్నాడు.

"పర్లేదు, అక్కడే నిలబడు" అన్నాను.

అన్నాను. ఇంకా రెండు వాక్యాలు మిగిలి ఉంటే అవీ చదివాను.

మాన్యువల్ ప్రకారం ఆఖరున ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి, ఎవరు ఎక్కడున్నారో చూడాలి. అప్పుడు వాళ్ళకి జ్ఞానోదయం అవుతుంది. తిరగమన్నాను. ఎవరూ తిరగలేదు. వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. అందరూ ఎదురుగా ఉన్న బోర్డునే చూస్తున్నారు, నిన్న నేను ఏలూరు గుర్తు పెట్టిన బోర్డుని. మీసాలు ముందు నుంచి రెండో వరసలో ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు. "ఎవురు యాడుంటారో మాకు తెలుసు సార్. మీకు చూడాలనుంటే చూస్కోండి."

టీకి వదిలేశాను. గోడ దగ్గరి అబ్బాయికి క్షమాపణ చెప్పానా అంటే, లేదు. టీ గ్లాసుల పళ్ళెం వచ్చినప్పుడు మొదటి గ్లాసు తీసి నా చేత్తో అతనికిచ్చాను. అదే క్షమాపణ అనుకున్నాను. అతను గ్లాసు తీసుకుని, "థాంక్స్ సార్" అన్నాడు. విడి గ్లాసు గురించి అరగంట కిందటే చదివినవాణ్ణి, అందరిలో అతనికొక్కడికే విడిగా గ్లాసు అందించాను. ఇది బస్సులో తట్టింది, మార్కాపురం దాటాక. సాయంత్రం అభిప్రాయాల ఫారాలు ఇస్తే పేరు రాయాల్సిన చోట అతను గీత గీశాడు. మిగతా గళ్ళలో ఏమీ లేదు. అందరికంటే పొడుగ్గా రాసింది ఫోను పిల్ల. భోజనాలు బాగున్నాయని.

బస్సు ఎనిమిదింటికి. రెండు జడలు వచ్చి, "మూస చూస్తారా సార్, మా అంగడి దావలోనే" అంది. ఎగతాళో ఆహ్వానమో తెలియలేదు. వెళ్ళాను.

అంగడి అంటే వీధి కాలవ మీదుగా మూడు మెట్లు, పైన మనిషి వెడల్పు గది. ఆ అమ్మాయి నాన్నగారు దాగలి ముందు కింద కూర్చుని ఉన్నారు. ఇంకొకరు కూర్చునే జాగా లేదు, గడప దగ్గర నిలబడ్డాను. కుంపటి మానేసి గ్యాసు వాడుతున్నారు, ఊదుగొట్టం మాత్రం గోడకి వేలాడుతోంది. మూస చేతికిచ్చారు. కోడిగుడ్డు సగానికి పగిలినంత ఉంది, లోపల నల్లగా, గరుగ్గా. అందులో తెగిన గొలుసు ముక్క, ఒంటి కమ్మ, వంగిన ముక్కుపుడక వేసి చిటికెడు వెలిగారం చల్లి మంట పెట్టారు. కాసేపు ఏది ఏదో తెలుస్తూనే ఉంది. ముక్కుపుడక ముందు కుంగింది. తరవాత మూడూ కలిసి ఒక చుక్కై వణికింది. దాన్ని ఇనుప గాడిలో పోశారు. "ఇది మూస, ఇది అచ్చు" అన్నారు నాతో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. కూతురు ఇంటికెళ్ళి అంతా చెప్పిందన్నమాట.

1963లో బంగారం నియంత్రణ వచ్చి, పద్నాలుగు క్యారట్లకి మించి కొత్త నగ చెయ్యకూడదన్నప్పుడు ఆయన నాన్న కుంపటి ఆర్పి సైకిళ్ళకి పంక్చర్లు వేశాడట. మళ్ళీ వెలిగించుకున్నారు. ఇప్పుడు అతుకులూ మాట్లూ తప్ప కొత్త నగ చేసి ఏడాది దాటిందట. మాట్లాడుతూ మాట్లాడుతూ గాడిలోంచి కడ్డీ తీసి నీళ్ళలో వేశారు. అది చుయ్యిమంది.

"మీరేమోళ్ళు సార్?" అన్నారు.

ఆ ప్రాంతంలో అది మామూలు ప్రశ్న, ఊరు అడిగినట్టు. చెబితే పోయేదేమీ లేని కులమే నాది. చెబితే కుర్చీ వేసే కులం.

"మాది కృష్ణా జిల్లా అండి. గుడివాడ దగ్గర" అన్నాను.

"ఊరు కాదు సార్..."

"అంటే, మా నాన్నగారి తరం నుంచీ మేం అలాంటివి పెద్దగా..."

ఆ అమ్మాయి మూసలో అంటుకున్న రవ్వని సూదితో గీకుతోంది. తలెత్తలేదు. "నాయనా, సార్ తటపటాయిస్తాండారు" అంది. తరవాత పొద్దున నేను చదివానే, సరిగ్గా ఆ గొంతుతో, మాట మాటా విడదీసి, "ఒకడుగు వెనక్కి సార్" అంది.

నా వెనక మెట్టుంది. దిగాను.